ముందస్తు ఎన్నికలు వస్తాయా? — ఒక గుమాస్తా నోటు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం, మనం నలుగురం పార్కు బెంచీ మీద కూర్చుంటే చాలు, దానంతట అదే వచ్చే విషయం. "ఏమండీ, ముందస్తు ఎన్నికలు వస్తాయంటారా?" అని ఒకరు అడుగుతారు. ఎక్కడో ఇద్దరు నాయకులకు పడకపోయినా, సభ నాలుగు రోజులు వాయిదా పడినా ఈ ప్రశ్న లేస్తుంది. దీన్ని పట్టుకుని మన సంఘంలో ఇంకొక వాదన కూడా బయలుదేరింది. "బకాయిల గురించి ఇప్పుడు తొందరపడడం ఎందుకు? ఎలాగూ ఎన్నికలు ముందుగానే వచ్చేట్టున్నాయి, అప్పుడు అడిగితే పని జరుగుతుంది" అని కొందరు మిత్రుల అభిప్రాయం. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో తేల్చడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

నేను రాజకీయ పండితుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి. ఏ కాగితం వచ్చినా ముందు పాత ఫైలు తీసి, ఇదివరలో ఇలాంటి కేసులో ఏం జరిగిందో చూసి, ఆ తర్వాతే నోటు పెట్టడం మనకు అలవాటు. ఈ ప్రశ్నకూ అలాగే నోటు పెడతాను. జోస్యం చెప్పను.

మొదటి పాత కేసు 1954 నాటిది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు. ఏ పార్టీకీ నికరమైన మెజారిటీ లేదు. మద్యనిషేధం విషయంలో గొడవ ముదిరి, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. 69 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. ఒక్క ఓటుతో మంత్రివర్గం పడిపోయింది. మరొకరు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం లేక రాష్ట్రపతి పాలన పెట్టి, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిపారు. అప్పుడు ఏం జరిగింది? ప్రభుత్వాన్ని పడగొట్టడంలో ముందున్న కమ్యూనిస్టులు తామే అధికారంలోకి వస్తామనుకున్నారు. వారికి నూటికి 31 ఓట్లు వచ్చాయి కాని, 196 సీట్లలో 15 మాత్రమే దక్కాయి. విడివిడిగా ఉన్నవాళ్ళంతా ఒక్కటై పోటీ చేయడంతో కాంగ్రెసు కూటమికి 146 వచ్చాయి. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత మనవాళ్ళు ఊరికే చెప్పలేదు.

ఈ ఒక్క కేసు చూస్తే ప్రతిష్టంభన వస్తే ఎన్నికలు తప్పవనిపిస్తుంది. రెండవ ఫైలు తీద్దాం. అది 1973 నాటిది, నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరం. జై ఆంధ్ర ఉద్యమం నడుస్తోంది. ఆఫీసులు స్తంభించాయి, రైళ్ళు ఆగాయి, ఎన్.జి.ఓ.లు సమ్మెలో ఉన్నారు. పి.వి. నరసింహారావుగారు జనవరిలో ముఖ్యమంత్రి పదవి వదిలారు. అంతకుమించిన ప్రతిష్టంభన మన రాష్ట్రం ఎరగదు. అయినా ఎన్నికలు వచ్చాయా? రాలేదు. శాసనసభను రద్దు చేయలేదు, నిద్రపుచ్చారు. పత్రికలవారు దానికి సుప్తచేతనావస్థ అని పేరు పెట్టారు. దాదాపు పదకొండు నెలల తర్వాత, డిసెంబరులో అదే సభను లేపి, జలగం వెంగళరావుగారి మంత్రివర్గాన్ని కూర్చోబెట్టారు. మళ్ళీ శాసనసభ ఎన్నికలు 1978లో గాని రాలేదు. అప్పుడు ఎన్నికలు వద్దనుకున్నది ఢిల్లీ. తాళంచెవి అక్కడుంది.

మూడవది 1984. ఇది మన కళ్ళ ఎదుట జరిగినది. ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్‌గారు ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుగారితో ప్రమాణం చేయించారు. శాసనసభ్యులను మన సికింద్రాబాదుకు పక్కనే ఉన్న నాచారం రామకృష్ణా స్టూడియోలో ఉంచారు. అక్కడినుంచి ఢిల్లీ వెళ్ళి రాష్ట్రపతి జైల్‌సింగ్‌గారికి తలలు లెక్క చూపించారు, తర్వాత కర్ణాటకలో ఉన్నారు. గవర్నరు మారి శంకర్ దయాళ్ శర్మగారు వచ్చారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు, సభలో బలం చూపించుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ నెల రోజుల ప్రతిష్టంభన ఎన్నికలతో తీరలేదు. సభలోనే తీరింది. అంతా సర్దుకున్న తర్వాత, మెజారిటీ చేతిలో ఉన్నప్పుడు, నవంబరులో రామారావుగారు తమంతట తామే సభను రద్దు చేశారు. ప్రజల సానుభూతి తమవైపు ఉందని ఆయనకు తెలుసు. 1985 మార్చిలో 294 స్థానాలకు 202 వచ్చాయి. నేను 1984 డిసెంబరులో లోక్‌సభకు ఒకసారి, మూడు నెలలు తిరగకుండానే శాసనసభకు మరోసారి పోలింగు డ్యూటీ చేశాను. ఆ బ్యాలెట్ పెట్టెలు మోసిన భుజం ఏది అని అడిగితే ఇప్పటికీ చెప్పగలను.

ఇక మిగిలిన మూడు కేసులు క్లుప్తంగా మనవి చేస్తాను. 1989లో శాసనసభకు ఇంకా నాలుగు నెలల పైన గడువుండగానే, నవంబరులో లోక్‌సభతో కలిపి ఎన్నికలు పెట్టారు. తెల్ల బ్యాలెట్ లోక్‌సభకు, గులాబీ బ్యాలెట్ శాసనసభకు. తెలుగుదేశం 74కు పడిపోయింది, కాంగ్రెసుకు 181 వచ్చాయి. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర చంద్రబాబునాయుడుగారిపై మందుపాతర దాడి జరిగింది. నవంబరు 14న సభ రద్దయింది. వెంటనే ఎన్నికలు వస్తాయనుకున్నారు, కాని ఎన్నికల సంఘం తన పద్ధతిలో తాను వెళ్ళింది. 2004 ఏప్రిల్‌లో లోక్‌సభతోపాటు జరిగాయి. తెలుగుదేశానికి 47 వచ్చాయి. 2018 సెప్టెంబరు 6న కె. చంద్రశేఖరరావుగారు తెలంగాణ శాసనసభను రద్దు చేసి, అదే రోజున 105 మంది అభ్యర్థుల పేర్లు చదివారు. డిసెంబరు 7న పోలింగు జరిగింది, 119లో 88 వచ్చాయి.

ఈ ఫైళ్ళన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 1985, 1989, 2004, 2018 — ఈ నాలుగుసార్లూ సభలో పాలకపక్షానికి మెజారిటీ ఉంది. ప్రతిష్టంభన ఏదీ లేదు. గడువు ముందే ఎన్నికలు వచ్చాయంటే, తాళంచెవి చేతిలో ఉన్నవారికి ఇదే అదను అనిపించింది గనుక వచ్చాయి. వారి అంచనా రెండుసార్లు ఫలించింది, రెండుసార్లు ఫలించలేదు. నిజమైన ప్రతిష్టంభన వచ్చిన 1973లో ఎన్నికలు లేవు, 1984లో సభలోనే తీరింది, 1954లో మాత్రమే తిన్నగా ఎన్నికలకు దారితీసింది. కాబట్టి గొడవ పెరిగితే ఎన్నికలు దగ్గరపడ్డట్టే అన్న లెక్క మన అనుభవానికి సరిపోవడం లేదు.

ఢిల్లీ సంగతి కూడా అంతే. 1991లో మన పి.వి.గారు మెజారిటీ లేని ప్రభుత్వంతో మొదలుపెట్టారు. ఆరు నెలలు కూడా నడవదన్నవారున్నారు. 1993 జులైలో అవిశ్వాస తీర్మానం 251 – 265 తేడాతో వీగిపోయింది. ఆయన ఐదేళ్ళూ పూర్తి చేశారు. ఎందుకంటే అప్పుడు ఎన్నికలకు సిద్ధంగా ఉన్నవారు సభలో ఎక్కువమంది లేరు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయిగారి ప్రభుత్వం 269 – 270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. అప్పుడు స్పీకరు కుర్చీలో ఉన్నది మన అమలాపురం బాలయోగిగారు. పడగొట్టినవారు మరో ప్రభుత్వం నిలబెట్టలేకపోయారు, అందువల్ల ఎన్నికలు వచ్చాయి. నిలబెట్టి ఉంటే వచ్చేవి కావు. 1954కూ దీనికీ నలభై అయిదేళ్ళ దూరం, కారణం మాత్రం ఒకటే.

మన సభ్యులలో చాలామంది పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు గనుక అక్కడి కేసు కూడా ఒకటి చెబుతాను. మన పార్లమెంటరీ పద్ధతికి మూలం అక్కడే కదా. పూర్వం అక్కడ ప్రధాని కోరితే రాణిగారు సభ రద్దు చేసేవారు. 2011లో ఒక చట్టం చేసి ఆ తాళంచెవిని ప్రధాని చేతినుంచి తీసి సభకు ఇచ్చారు. ఐదేళ్ళకు ముందు ఎన్నికలు కావాలంటే మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతులు, అంటే 650లో 434 మంది ఒప్పుకోవాలి. లేదా ప్రభుత్వం అవిశ్వాసంలో ఓడి, పద్నాలుగు రోజులలో మరొకటి నిలబడకపోవాలి.

2017లో థెరిసా మే గారు అడిగితే ప్రతిపక్షం సరేనంది. గెలుపు ఖాయమనుకుని వెళ్ళిన ఆవిడ ఉన్న మెజారిటీ కూడా పోగొట్టుకున్నారు. ఐరోపా కూటమినుంచి బయటికి రావడం మీద సభ చీలిపోయింది. ఏ మార్గానికీ మెజారిటీ లేదు. 2019లో వచ్చిన బోరిస్ జాన్సన్‌గారు ఎన్నికలు పెట్టండి మహాప్రభో అని మూడుసార్లు సభను అడిగారు, మూడుసార్లూ 434 దొరకలేదు. చిత్రం చూడండి. ప్రభుత్వానికి మెజారిటీ లేదు, ప్రధాని ఎన్నికలు కావాలంటున్నారు, ప్రతిపక్షం వద్దంటోంది. ఎన్నికల హడావుడిలో ఒప్పందం లేకుండానే దేశం బయటికి పోతుందని వారి భయం. ఆ గడువు 2020 జనవరి 31 వరకు పొడిగించాక ఆ భయం తగ్గింది. అప్పుడు మామూలు మెజారిటీతో సరిపోయే చిన్న చట్టం ఒకటి చేశారు, 438 – 20తో నెగ్గింది. 2019 డిసెంబరు 12న పోలింగు జరిగింది, జాన్సన్‌గారికి 365 స్థానాలు వచ్చాయి. 2022లో ఆ 2011 చట్టాన్నే తీసివేసి తాళంచెవిని తిరిగి ప్రధానికి అప్పగించారు.

అన్నట్టు, బ్రిటన్‌లో నివసిస్తున్న భారత పౌరులకు కామన్‌వెల్త్ పౌరులుగా అక్కడి ఎన్నికలలో ఓటు ఉంది. మీ పిల్లలు నమోదు చేసుకున్నారో లేదో ఫోనులో అడగండి.

ఇన్ని ఫైళ్ళు తిరగేసిన మీదట నాకు తోచిన పద్ధతి ఇది. ఎక్కడైనా ముందస్తు ఎన్నికలు వస్తాయా అంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? ఆ చేతిలో ఉన్నవారికి ఇప్పుడు లాభమా, ఆగితే లాభమా? వారు పడిపోతే మరొకరు ప్రభుత్వం నిలబెట్టగలరా? మొదటి రెండింటికీ జవాబు కలిసివస్తే, గొడవ ఏమీ లేకపోయినా ఎన్నికలు వస్తాయి. కలిసిరాకపోతే, మూడవ ప్రశ్నకు "నిలబెట్టగలరు" అన్న జవాబు ఉన్నంతకాలం ఎంత గొడవైనా రావు. పత్రికలో పెద్ద అక్షరాలు చూసి ఏమీ చెప్పలేం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది.

ఈ తాళం కప్పను మార్చే ప్రయత్నం మన దేశంలోనూ మొదలైంది. కోవింద్‌గారి కమిటీ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. 129వ రాజ్యాంగ సవరణ బిల్లును 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టి, ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపారు. దాని ప్రకారం సభ మధ్యలో రద్దయితే, కొత్తగా ఎన్నికయ్యే సభ పూర్తి ఐదేళ్ళు ఉండదు, మిగిలిన గడువుకే ఉంటుంది. అలాంటి ఏర్పాటు ఉంటే అదను చూసి రద్దు చేయడంలో లాభం తగ్గుతుంది. అయితే నిజంగా మెజారిటీ పోయినచోట ఏడాదికో రెండేళ్ళకో ఎన్నికలు పెట్టవలసిరావచ్చు. మంచిచెడ్డలు రెండూ ఉన్నాయి. చర్చ వచ్చినప్పుడు మనలాంటి ఎన్నికల డ్యూటీ చేసినవాళ్ళు కూడా అభిప్రాయం చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముందస్తు ఎన్నికలు వస్తే మన పని తొందరగా అవుతుందా?

సభ రద్దు కాగానే ప్రభుత్వం ఆపద్ధర్మ ప్రభుత్వం అవుతుంది. ఎన్నికల షెడ్యూలు దాకా ఆగకుండా, సభ ముందుగా రద్దయిన రోజునుంచే నియమావళి వర్తిస్తుందని ఎన్నికల సంఘం 2018 సెప్టెంబరులో మన తెలంగాణ సందర్భంలోనే స్పష్టం చేసింది. మన నెలసరి పెన్షను ఆగదు, భయపడనక్కరలేదు. కాని కొత్త నిర్ణయం కావలసిన ఫైలు ఏదైనా సరే ఎన్నికల సంఘం మొహం చూడాలి. సెక్షనులో సగంమంది ఎలక్షను డ్యూటీలో ఉంటారు. ఫైలు మీద "ఎన్నికల తర్వాత తిరిగి సమర్పించవలెను" అని రాసి పక్కన పెట్టడం ఎంత సులభమో మనకు తెలియనిది కాదు. ఆ ముక్క మన చేతులతో మనమే రాశాం.

ఒక ఉదాహరణ చెబుతాను. తెలంగాణ మొదటి పి.ఆర్.సి.ని 2018 మే నెలలో వేశారు. సెప్టెంబరులో సభ రద్దయింది, డిసెంబరులో ఎన్నికలు అయ్యాయి. కమిషను నివేదిక అందింది 2020 డిసెంబరు 31న. 30 శాతం ఫిట్‌మెంటు ప్రకటించింది 2021 మార్చి 22న. ఆలస్యానికంతటికీ ముందస్తు ఎన్నికలే కారణమని నేను అనను, దానికి వేరే కారణాలూ ఉన్నాయి. కాని ఎన్నికలు ముందుకు జరిగినంత మాత్రాన మన ఫైలు ముందుకు జరగదని ఆ తేదీలే చెబుతున్నాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అదీ చెప్పడం న్యాయం. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58నుంచి 55కు తగ్గించారు. ఒక్క కలంపోటుతో వేలమంది ఇళ్ళకు వెళ్ళారు. ఆ 58ని తిరిగి ఇచ్చింది 1984లో, ఆ గందరగోళం నడిచిన సంవత్సరంలోనే. అయితే ఆ వేడిలో కలిసివచ్చిందని మురిసిపోవద్దు. అంతకుముందు ఏడాదిపైగా ఉద్యోగ సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, కోర్టులకు తిరుగుతూనే ఉన్నాయి. మధ్యలో ఇంటికి వెళ్ళినవారికి న్యాయం జరిగింది 1985లో సుప్రీంకోర్టు తీర్పుతోనే. అడుగుతూ ఉన్నవాడికే అదను కలిసివస్తుంది. అడగకుండా అదను కోసం కూర్చున్నవాడికి కలిసిరాదు.

అందులోనూ మనకు ఆగే తీరిక ఎక్కడిది? ఉద్యోగిలో ఉన్నవాడు వచ్చే ఎన్నికల దాకా ఆగుతానంటే చెల్లుతుంది. ఎనభై దాటిన మన సభ్యులను చూడండి. బకాయి చేతికందకముందే వెళ్ళిపోయినవారి పేర్లు ప్రతి సంచికలో చివరి పేజీలో వేస్తూనే ఉన్నాం. ఎన్నికలు రెండేళ్ళు ముందు వస్తాయో, రావో తేలేలోపు మరికొన్ని పేర్లు ఆ పేజీకి చేరతాయి.

ఎన్నికలు ముందుకు రావడం ఒక్కటే కాదు, వెనక్కి పోవడం కూడా మన ఊళ్ళోనే చూశాం. మన సికింద్రాబాదు కంటోన్మెంటు బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. తర్వాత 2023 ఏప్రిల్ 30న పోలింగని నోటిఫికేషను ఇచ్చారు. అభ్యర్థులు తిరగడం మొదలుపెట్టాక మార్చిలో దాన్ని రద్దు చేశారు. ఎన్నికలప్పుడు రోడ్డు అడుగుదాం, నల్లా అడుగుదాం అని ఆగినవారి గతి ఏమైందో కంటోన్మెంటు వాసులను అడగండి.

కనుక నా నోటు చివర మూడు సిఫారసులు పెడుతున్నాను. ఒకటి, బకాయిల మీద మన వినతిపత్రం ఎన్నికల ఊహాగానంతో ముడిపెట్టకుండా ఈ నెలలోనే ఇవ్వాలి, ప్రతినెలా గుర్తు చేయాలి. రెండు, ప్రతి సభ్యుడూ ఓటర్ల జాబితాలో తన పేరు ఇప్పుడే చూసుకోవాలి. ముందస్తు ఎన్నికలలో దెబ్బతినేది మొదట జాబితాయే. 2018లో జాబితాకు ఆ సంవత్సరం జనవరి 1 అర్హత తేదీ అయింది. ఆ తర్వాత పద్దెనిమిది నిండిన మన మనవళ్ళు, మనవరాళ్ళు డిసెంబరులో ఓటు వేయలేకపోయారు. జాబితాలో పేరు లేక ఎందరో పెద్దవారు పోలింగు కేంద్రం దాకా వెళ్ళి తిరిగివచ్చారు. దానికి రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి విచారం కూడా వ్యక్తం చేశారు. పిల్లల దగ్గరకు అల్వాలుకో, కొంపల్లికో ఇల్లు మారినవారు ఫారం 8 ఇవ్వాలి. మూడు, 85 ఏళ్ళు నిండినవారు ఫారం 12-డి ఇచ్చి ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చు. నోటిఫికేషను వచ్చిన ఐదు రోజులలోగా ఇవ్వాలి. ముందస్తు హడావుడిలో ఆ ఐదు రోజులు ఇట్టే పోతాయి. కాబట్టి అలాంటి సభ్యుల పట్టిక సంఘం ఆఫీసులో ముందే తయారుచేసి ఉంచాలి. ఆ గుమాస్తా పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.

ఎన్నికల తేదీ మన చేతిలో లేదు. తాళంచెవి ఉన్నవారు తమ లాభం చూసుకుని తిప్పుతారు. మన చేతిలో ఉన్నవి రెండే, ఒక అర్జీ, ఒక ఓటు. రెండింటినీ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుందాం.